జాడింపు తొట్టిలో నిద్రమొగ్గలు

మా బావకి మరకంటే పడదు. పడదంటే అందరికీ పడనట్టు కాదు. మా అక్కని చూడడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు ఆయన చూపంతా మా నాన్న చొక్కా జేబు మీది సిరా మరక మీదే ఉంది. అక్క మొహం సరిగ్గా చూశాడో లేదో నాకిప్పటికీ అనుమానమే. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "ఆ చొక్కా ఒకసారి ఇటిస్తారా మావయ్యా, రేపు పంపించేస్తాను" అన్నాడు. మర్నాటికి చొక్కా వచ్చింది, మరక లేదు. మా నాన్న దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసుకుని, అల్లుడు కాకముందే అల్లుణ్ణి నెత్తిన పెట్టుకున్నాడు. "మరి నీ సంగతేంటే?" అని నేనడిగితే, "ముక్కూ మొహం తెలియని చొక్కానే అంత బాగా చూసుకున్నవాడు నన్ను చూసుకోడా" అంది అక్క.

బావది లాండ్రీ. ముందు షాపు, వెనక ఇల్లు, ఇంకా వెనక పెరడు. ఎప్పుడు చూసినా తెల్లచొక్కా మీదే ఉంటాడు కాబట్టి ఊళ్ళో ఆయన పేరు కూడా తెల్లచొక్కానే. ఎవరు ఎలాంటి మరక పట్టుకొచ్చినా "పోదు" అనడు. బట్టని వెలుతురుకి పట్టుకుని, వాసన చూసి, వేలితో రుద్ది, "చూద్దాం" అంటాడు. చాలాసార్లు పోతుంది. పోకపోతే మళ్ళీ "చూద్దాం" అంటాడు. ఆయన "చూద్దాం" అన్న బట్టలు కొన్ని షాపు అటక మీద ఇంకా అలాగే ఉన్నాయని నేను ఏడిపిస్తుంటాను.

ఇంకో పట్టింపు కూడా ఉంది. జేబులు వెతకనిదే ఏ బట్టనీ నీళ్ళలో వెయ్యడు. పై జేబు, లోపలి జేబు, చివరికి జేబు మూలల్లో పేరుకున్న నూగు కూడా వేలితో బయటికి తిరగేసి చూస్తాడు. ఇది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. ఒకసారి ఎవరిదో కోటు జేబులో పాలపన్ను దొరికింది. అవతల పారెయ్యక, కాగితంలో చుట్టి, ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి మరీ ఇచ్చొచ్చాడు. పన్ను పోగొట్టుకున్న పిల్లకి అప్పటికే కొత్త పన్ను వచ్చేసింది.

ఇక నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. మసగ్గా కనిపించేవాటిని తేటగా చూపించడం నా ఉద్యోగం. ముక్కు మీద కోపం నా సొంతం. ఈ రెండూ ముందే చెప్పేస్తే తర్వాత ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఆ పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉంది. చిన్న గదంత ఉంటుంది. ఒక పక్క నిట్టనిలువు గోడ, ఇంకో పక్క ఏటవాలు. మిషన్లు రాకముందు ఉతికిన బట్టలన్నీ అందులోనే జాడించేవాళ్ళు. బావ వాళ్ళ నాన్న వారం వారం అందులోకి దిగి అడుగు తెల్లగా మెరిసేదాకా తోమేవాడట. పిల్లవాడిగా బావ చేతికి కూడా ఒక బ్రష్షు ఉండేదట. మిషన్లు వచ్చాక ఆ జాడింపు తొట్టి ఎండిపోయి మూలపడింది. తర్వాత వానకి నిండింది. ఆ నీళ్ళని చూసి బావ తోడి పారబోద్దామనుకున్నాడు, మా అక్క మాత్రం ఒక కలువ దుంప తెచ్చి అందులో దించింది.

మిగతావేవీ ఆవిడ తేలేదు. తూనీగలు వచ్చాయి. నత్తలు వచ్చాయి. కప్పలు ఏ దారిన వచ్చాయో ఎవరూ చూడలేదు. కలువ దుంప వేళ్ళకి అంటుకుని ఏవేవో మొక్కలు వచ్చి, అచ్చం కలువాకుల్నే చొక్కా గుండీలంత చేసినట్టు చిట్టి చిట్టి ఆకులతో నీటి మీద పరుచుకున్నాయి. అక్క వాటిని చిట్టాకు అంది, మేమూ అదే అన్నాం. ఎర్రచేపల్ని మాత్రం నేనే కొనిచ్చాను. బావ ఆ తొట్టిని గుంట అంటాడు, అక్క కొలను అంటుంది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి అభిప్రాయభేదం అంటూ ఉంటే ఆ ఒక్క మాట దగ్గరే.

అక్క పగలంతా షాపు కిటికీ పక్కన కూర్చుని ఊడిన గుండీలు కుడుతుంది, విప్పిన అంచులు మడిచి కుడుతుంది. సాయంత్రం కొలను దగ్గరుంటుంది. వేసవిలో కొలను తన పని తను చూసుకుంటుంది. అసలు పని ఆకులు రాలే కాలంలో. గాలికి పక్కింటి చెట్టు ఆకులన్నీ ఇటే వస్తాయి. అవి నీళ్ళలో పడి కుళ్ళితే చేపలకి ఊపిరాడదు. అందుకని షాపులో ఎవరూ తీసుకుపోకుండా వదిలేసిన జాలీ తెర ఒకటి తొట్టి మీద అడ్డంగా లాగి కడుతుంది. పసుపెక్కిన కలువాకుల్ని పొడుగు కత్తెరతో కాడ మొదటికి కత్తిరిస్తుంది. తొట్టి అంచున మొలిచిన తుంగని పూర్తిగా నరికెయ్యదు, సగం ఉంచుతుంది, ఆ బోలు కాడల్లో పురుగులు తలదాచుకుంటాయట. తీసిన నాచుని వెంటనే పారెయ్యదు. గట్టు మీద కుప్పగా పెట్టి, అందులో చిక్కుకున్నవి పాక్కుంటూ మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళేదాకా ఆగుతుంది. చలి పెరిగేకొద్దీ చేపలకి మేత తగ్గించి, చివరికి మానేస్తుంది.

ఒక ఏడాది ఆకులు రాలే రోజుల్లో నన్ను పిలిచి అరచేతిలో ఒకటి పెట్టింది. కందిగింజంత ఆకుపచ్చటి మొగ్గ. "చిట్టాకుది. నిద్రమొగ్గ అంటాను నేను. చలి వస్తోందని తెలియగానే ఆ మొక్క తన బలమంతా దీంట్లో దాచిపెట్టేస్తుంది. ఆకులు కుళ్ళిపోతాయి, వేళ్ళు కుళ్ళిపోతాయి, మొక్కన్నదే ఉండదు. ఇది బరువెక్కి అడుక్కి వెళ్ళి బురదలో పడుకుంటుంది. పైన నీళ్ళు గడ్డకట్టినా అడుగున గడ్డకట్టదుగా. మళ్ళీ ఎండ వెచ్చబడ్డాక తేలికై పైకొస్తుంది" అంది.

"దానికెలా తెలుసు ఎప్పుడు మునగాలో, ఎప్పుడు లేవాలో?" అన్నాను.

"అదే నాకూ అర్థం కాదు. ఏటా చూస్తాను, ఏటా అర్థం కాదు" అంది అక్క, అర్థం కాకపోవడమే తనకి బాగున్నట్టు. ఆ మొగ్గని తిరిగి నీళ్ళలో వదిలితే, తిన్నగా, తొందరేమీ లేకుండా కిందికి దిగిపోయింది.

పోయిన ఏడు ఆ పనులు మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే అక్క పడింది. కత్తెరతో ముందుకి వంగింది, గట్టు మీది పాచి మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. పొడుగాటి వార్డులో చివరి మంచం. ఆసుపత్రి దుప్పటి రంగు చూసి బావ తట్టుకోలేకపోయాడు, ఇంటి నుంచి తెల్లటి దుప్పట్లు తెచ్చి పరిచాడు. పక్క మంచాల వాళ్ళవి కూడా పట్టుకెళ్ళి ఉతికి తెచ్చాడు. నర్సులు ముందు కసురుకున్నారు, తర్వాత వాళ్ళ కోట్లు కూడా ఇచ్చారు.

డాక్టరు మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు: ఎముక అతుక్కుంది, ఇక నడవాలి, ఇప్పుడు నడవకపోతే ఇంకెప్పుడూ నడవలేరు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. జీవితమంతా గలగల్లాడుతూ తిరిగిన మనిషి, మంచం దిగి కాలు కింద పెట్టాలంటే వణికిపోయేది. నొప్పి కాదు, భయం. మళ్ళీ పడతానేమోనన్న భయం. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ బతిమాలి, చివరికి ఒకరోజు విసిగిపోయి, "అసలు మీరు ఎక్కడికి నడవాలనుకుంటున్నారమ్మా? ఒక్క చోటు చెప్పండి, అక్కడిదాకా చాలు" అంది.

"కొలను దాకా" అంది అక్క. వారాలుగా ఆవిడ నోటి నుంచి మాకు వినిపించిన ఆశ అదొక్కటే. బావ ఆ మాట విన్నాడు. నేనూ విన్నాను. కానీ ఇద్దరం వేర్వేరుగా విన్నామని నాకప్పుడు తెలియలేదు.

ఆ తర్వాతి ఆదివారం అక్క నా చెయ్యి పట్టుకుని, "కొలను పని మీ బావకి అప్పగించాను. ఆకులు తీసి తెర కట్టమన్నాను. అడుగు జోలికి పోవద్దని చెప్పడం మర్చిపోయానే. నువ్వెళ్ళి చెప్పు. ఆయన సంగతి నీకు తెలుసుగా" అంది. తెలుసు. తెలుసు కాబట్టే ఆసుపత్రి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళాను.

పెరటి తలుపు తీసి చూద్దును కదా, జాడింపు తొట్టి తెల్లగా మెరిసిపోతోంది. గోడలు తెలుపు, ఏటవాలు తెలుపు, అడుగు తెలుపు. కుళాయి నీళ్ళు నిండా ఉన్నాయి, కింద పడిన సూది కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి. బ్లీచింగ్ వాసన ముక్కుకి గుప్పుమంది. పక్కన చేపలు ప్లాస్టిక్ తొట్టెలో, పాత నీళ్ళలోనే, బిక్కుబిక్కుమంటూ తిరుగుతున్నాయి. బావ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బ్రష్షు పట్టుకుని, ఎంతో కాలానికి వాళ్ళ నాన్న మెచ్చుకున్నంత సంతోషంగా నిలబడి ఉన్నాడు.

"చూశావా మరదలా! అడుగు కనిపిస్తోంది. ఎన్నేళ్ళయిందో ఈ అడుగు చూసి" అన్నాడు.

నేను చేతిలో సంచి కింద పడేశాను. "ఏం చేశావు బావా నువ్వు?"

"పాచంతా గీకేశాను. నా పెళ్ళాన్ని పడేసింది ఆ పాచే కదా. కొలను దాకా నడుస్తానంది, విన్నావుగా? నడిచొస్తే మళ్ళీ అదే పాచి మీద కాలెయ్యాలా? ఇప్పుడు రమ్మను. చెప్పుల్లేకుండా నడిచినా జారదు."

ఆ మాటతో నా కోపం సగం చచ్చిపోయింది. మిగతా సగంతోనే కడిగిపారేశాను. బురదలోనే కొలను మొత్తం ఉందని, కలువ దుంపలు, తూనీగ పిల్లలు, నిద్రమొగ్గలు అన్నీ అందులోనేనని, అక్క నడిచొచ్చి చూసేది ఈ తెల్లటి గోడల్నా అని, మనిషికి చాదస్తం ఉండొచ్చు కానీ ఇంతుండకూడదని, నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన బ్రష్షుని నెమ్మదిగా గట్టు మీద పెట్టాడు.

"అంటే, అది నడిచొచ్చేది దేనికోసమో దాన్నే కడిగేశానా?" అన్నాడు.

"బురద ఎక్కడ పోశావు?" అని అడిగాను.

"సబ్బు పొడి డ్రమ్ముల్లో. చెత్తబండి వాడు తడి బురద ఎక్కించనన్నాడు. ఆరాక రమ్మన్నాను" అంటూనే ఆయన షెడ్డు వైపు పరుగు తీశాడు. ఆ చెత్తబండి వాడికి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

డ్రమ్ములు వరసగా ఉన్నాయి, నల్లటి బురదతో నిండి. బావ వాటి ముందు నిలబడి కాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి అటక మీంచి తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి పెరట్లో పరిచాడు. మగ్గుతో బురద తీసి, ఆ తెల్లటి గుడ్డ మీద పోశాడు. నా కళ్ళతో నేను చూశాను కాబట్టి నమ్మాను. ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

"దుప్పటెందుకు బావా?" అన్నాను.

"తెల్లదాని మీదైతేనే ఏదైనా కనపడేది. అన్నీ వెతకాలి. జేబులు వెతకడం మర్చిపోయాను మరదలా, జీవితంలో మొదటిసారి" అన్నాడు.

ముందు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. వేళ్ళకి ఏమీ తెలియడం లేదని తీసేశాడు. బురదని పలచగా పరిచి, జేబు మూలలు తిరగేసినట్టే వేలి కొసలతో జానెడు జానెడు వెతికాడు. మొదట అక్క పొడుగు కత్తెర దొరికింది, పడినప్పుడు చేతిలోంచి జారింది. దాన్ని శుభ్రంగా తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత కలువ దుంపలు దొరికాయి. నొక్కి చూస్తే గట్టిగా ఉన్నాయి. తర్వాత బురద రంగులోనే ఉన్న పురుగొకటి కాళ్ళీడ్చుకుంటూ దుప్పటి మీద నడక మొదలుపెట్టేసరికి అంతెత్తు ఎగిరిపడ్డాడు.

"తూనీగ పిల్ల" అన్నాను.

"ఇదా? ఆ రెక్కలు, ఆ మెరుపు, అదంతా దీంట్లోంచా?" అని మోకాళ్ళ మీద వంగి, మొహం దానికి ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు. "ఇది నేను చెత్తబండిలోకి ఎక్కిద్దామనుకున్నాను" అని తనలో తనే అనుకుని, దాన్ని గిన్నె నీళ్ళలోకి వదిలాడు.

మొదటి నిద్రమొగ్గ కూడా ఆయనకే దొరికింది. నా సంచిలో షాపు భూతద్దం ఉంది, తీసిచ్చాను. ఆయన మొగ్గని అరచేతిలో పెట్టుకుని అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. ఆ అరచేతి గీతల నిండా బురద. కాసేపటికి నా చేతికిచ్చి, "చూడు" అన్నాడు గుసగుసగా. చూశాను. పైన పలచటి పొర. దాని లోపల ఆకు మీద ఆకు, ఒకదాని చుట్టూ ఇంకొకటి ముడుచుకుని ఉన్నట్టు నీడల్లా కనిపిస్తున్నాయి, వెంట్రుక దూరేంత సందు లేకుండా.

"చొక్కాలు మడతపెట్టడంలో నన్ను మించినవాడు లేడనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నాడు బావ. "ఇదేం మడత మరదలా! ముడత లేదు, గీత లేదు, విప్పితే చెడేట్టు లేదు. ఎవరు పెట్టారు దీన్ని ఇలా?"

వయసు మీదపడిన ఇద్దరం, ఒళ్ళంతా బురదతో, కందిగింజంత దాని ముందు నోళ్ళు వెళ్ళబెట్టుకుని కూర్చున్నాం. ఇన్నేళ్ళలో నేను తయారుచేయించిన కళ్ళద్దాలన్నీ కలిపినా ఆ సాయంత్రం కనిపించినంత నాకెప్పుడూ కనిపించలేదు.

ఇక ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. షాపు మూసేసి మరీ డ్రమ్ములన్నీ వెతికాడు. తొట్టిలో కుళాయి నీళ్ళు తోడేసి, బ్లీచింగ్ వదిలేదాకా జాడించాడు. అది ఆయన చేతిలో పని. ఆఖరి జాడింపు నీళ్ళని వేళ్ళ మధ్య రాసి చూస్తాడు, జారుడు తగిలితే సబ్బు ఉన్నట్టు. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాడు, వాసన తగిలితే మందు ఉన్నట్టు. రెండూ లేవని తేలాక కూడా తృప్తి లేక మళ్ళీ జాడించాడు. నింపడానికి మాత్రం కుళాయి తిప్పలేదు. కప్పు మీంచి పడే వాన నీళ్ళు పట్టి దాచుకుంటాడు ఆయన, మెత్తటి నీళ్ళలో సబ్బు బాగా నురగ వస్తుందని, ఖరీదైన తెల్లబట్టల కోసం. ఇంట్లో ఎవరినీ గ్లాసుడు ముట్టుకోనివ్వడు. ఆ నీళ్ళన్నీ తొట్టిలోకి వదిలేశాడు. బురద వేశాడు, దుంపలు దించాడు, మొగ్గల్ని గుప్పెట్లో తీసుకుని నీటి అంచున వేళ్ళు విప్పాడు. అవి దిగిపోతుంటే తల పక్కకి వాల్చి చూస్తూ, "పోతున్నాయి. ఎటు పోవాలో వాటికి తెలుసు" అన్నాడు. చేపల్ని చివర్న వదిలి, జాలీ తెర కట్టాడు.

చెట్లు పూర్తిగా బోడిగా అయిపోయాక అక్క ఇంటికొచ్చింది, వాకర్ పట్టుకుని. గుమ్మం నుంచి కుర్చీ దాకా నడవడానికే చెమటలు పట్టాయి. పెరటి తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కొలను వైపు చూసింది.

"గోడలెందుకు అంత తెల్లగా ఉన్నాయి?" అంది.

బావ ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు, ఏమీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆవిడ కాళ్ళ వైపే చూశాడు. నేను పిడుగు పడుతుందని కాచుక్కూర్చున్నాను.

"జేబులన్నీ వెతికారా?" అంది చివరికి.

"మూలలతో సహా."

"సరే. ఆ మొగ్గలు పైకొస్తే నేనూ వస్తాను" అంది. చెప్పి తలుపు వెయ్యమంది. అది కోపమో బెంగో నాకు తెలియలేదు. నేను పళ్ళెంలో అన్నం తెచ్చిపెట్టినా బావ ఆ రోజు ముట్టుకోలేదు.

చలికాలం అలాగే గడిచింది. అక్క మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. వ్యాయామం అమ్మాయి ఇంటికొచ్చి బతిమాలితే తలుపు దాకా వచ్చేది, గడప దాటేది కాదు. నీళ్ళ మీద పలచగా గడ్డకట్టిన ఒక ఉదయం ఆ గడ్డ కరిగిద్దామని బావ ఇస్త్రీపెట్టెకి పొడుగు కరెంటు తీగ తగిలించి పెరట్లోకి పట్టుకుపోతుంటే, "చేపల్ని ఇస్త్రీ చేస్తారా ఏమిటి? అలా వదిలెయ్యండి" అని కుర్చీలోంచి కేకేసింది. ఆ కేక విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎండ వెచ్చబడింది. తుంగ మొలకలు వేసింది. కలువ ఎర్రటి లేతాకుని నీటి మీదికి పంపింది. చేపలు పైకొచ్చాయి. చిట్టాకు మాత్రం రాలేదు. బాయిలర్ వెలిగించేముందు బావ రోజూ గట్టు మీద గొంతుక్కూర్చుని చూసేవాడు, లేచి వచ్చి పనిలో పడేవాడు. అక్క అడిగేది కాదు, ఆయన చెప్పేవాడు కాదు. ఆ బ్లీచింగ్ ఘాటు ఎక్కడో మిగిలిపోయిందేమోనని ఒక్క నాతో మాత్రం అన్నాడు. "చూద్దాం బావా" అన్నాను. ఆయన మాట ఆయనకే అప్పగించడం తప్ప నా దగ్గర ఇంకేం ఉంది?

ఒక ఆదివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి బావ గట్టు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తెల్లచొక్కాతో, కొత్తగా పట్టిన పాచి మీద. చెయ్యి భుజం దాకా నీళ్ళలో ఉంది. నన్ను చూసి పిలవలేదు, వేలితో రమ్మన్నాడు.

"భూతద్దం ఉందా? ఇది పాచో, అదో చెప్పు. నాకు నమ్మకం చాలడం లేదు."

నేనూ పక్కనే పడుకుని అద్దం పట్టాను. నీటి మీద ఆకుపచ్చటి చుక్క. చుక్క కాదు, మడత విప్పుకుంటున్న ఆకు. గుండీ కంటే చిన్నది, గుండ్రంగా, ముడత లేకుండా. మేం చూస్తుండగానే అడుగున బురదలోంచి ఇంకొకటి వదులైంది. ఒక క్షణం అక్కడే ఊగింది, తర్వాత తిన్నగా, తొందరేమీ లేకుండా పైకి రావడం మొదలుపెట్టింది. దాని వెనక ఇంకొకటి. దూరంగా ఆ మూల ఇంకొన్ని. చీకటిగా ఉన్న అడుగు నుంచి వెలుతురు వైపు, ఎవరూ పిలవకుండా, ఎవరూ తొయ్యకుండా వస్తున్నాయి. నాకు కళ్ళు చెమర్చి అద్దం మసకబారింది. ఎంతసేపు అలా ఉన్నామో ఇద్దరికీ తెలియదు.

"పడ్డారా? ఏవండీ, పడిపోయారా మీరు?"

మా వెనకే వినిపించింది గొంతు. తిరిగి చూస్తే అక్క. ఒక చేత్తో పెరటి గోడ పట్టుకుని, రెండో చేతిలో ఏమీ లేకుండా, గట్టు పక్కనే నిలబడి రొప్పుతోంది. వాకర్ అక్కడెక్కడో తలుపు దగ్గర ఉంది. "బోర్లా పడుంటే ఏమనుకోవాలి? పిలిస్తే పలకరు! పక్కనే ఇది కూడా, అలా గుడ్లప్పగించి..." అని తిట్టడం మొదలుపెట్టి, నీళ్ళ వైపు చూసి ఆగిపోయింది.

"వచ్చాయా?" అంది.

"నువ్వెలా వచ్చావు?" అన్నాడు బావ.

అక్క తన కాళ్ళ వైపు చూసుకుంది. తలుపు వైపు చూసింది. అంత దూరమూ తనే నడిచిందని అప్పుడు తెలిసింది ఆవిడకి. నేను లేచి పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపి, నెమ్మదిగా గట్టు మీద కూర్చుని, ఒక వేలు నీళ్ళలో పెట్టింది. చిట్టాకు ఒకటి ఆ వేలిని తాకి పక్కకి జరిగింది.

చాలాసేపటికి అక్క మామూలు మనిషయింది. "ఆ చొక్కా చూడండి, గుండె నుంచి పొట్ట దాకా పచ్చగా అయింది. విప్పండి, ఆరకముందే నానబెడదాం."

బావ తల వంచి చూసుకున్నాడు. మెడ దగ్గర్నుంచి కింది గుండీ దాకా పాచి మరక. వేలితో రుద్దలేదు, వాసన చూడలేదు, వెలుతురుకి పట్టుకోలేదు.

"ఇది పోదు" అన్నాడు.

అక్క ఆయన మొహంలోకి చూసింది. తర్వాత, గుండీల దగ్గర అంటుకున్న చిట్టాకు ఒకదాన్ని వేలితో జాగ్రత్తగా తీసి నీళ్ళలో వదిలి, "అవును, పోదు" అంది.